దారి మళ్లించే దొంగలు

గోదావరి డెల్టాలో నీటి విలువ తెలియని ఇల్లు ఉండదు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నదీజలాలను తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు పంచిపెట్టింది. ప్రధాన కాలువ నుండి పిల్లకాలువకు, పిల్లకాలువ నుండి బోదెకు, బోదె నుండి మడికి నీరు చేరే మార్గంలో ఎన్నో తూములు ఉంటాయి. దాళ్వా రోజుల్లో వంతులవారీగా నీరు వదులుతున్నప్పుడు ఎవరైనా రాత్రివేళ ఒక తూము తలుపును కొద్దిగా పక్కకు జరిపితే చాలు, శివారు రైతు మడి ఎండిపోతుంది. అక్కడ ఆనకట్ట చెక్కుచెదరలేదు. కాలువకు గండి పడలేదు. నీరు కూడా పారుతూనే ఉంది. అయితే అది చేరవలసిన చోటికి చేరడం లేదు. అందుకే ఈ దొంగతనం ఇతర దొంగతనాల వలె వెంటనే బయటపడదు.

నేడు డెల్టా గ్రామాలకు మరొక ప్రవాహం వచ్చింది. అది సమాచార ప్రవాహం. నాటి తూర్పుగోదావరి జిల్లాలోని, నేటి కోనసీమ జిల్లాలోని మోరి గ్రామంలో 2016 డిసెంబరులో ఫైబర్ గ్రిడ్ ద్వారా ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే కార్యక్రమం ప్రారంభమైంది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకాన్ని జాతికి అంకితం చేశారు. ఒకే తీగ మీద ఇంటర్నెట్, టెలివిజన్, టెలిఫోన్ మూడూ నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు లభించడంతో కొబ్బరితోటల మధ్యనున్న ఇళ్లలోకి కూడా విశ్వం వచ్చి చేరింది. పరీక్షా ఫలితాలు, ప్రవేశ పరీక్షల దరఖాస్తులు, ఉపకార వేతనాలు, రొయ్యల ధరలు, బ్యాంకు లావాదేవీలు అన్నీ ఆ తీగ మీదుగానే నడుస్తున్నాయి. కాలువ ఉన్నచోట తూము ఉంటుంది. తూము ఉన్నచోట దాన్ని మళ్లించే చేతులు కూడా ఉంటాయి. కంప్యూటరు లోకంలో ఆ చేతులకు ‘బ్రౌజర్ హైజాకర్’ అని పేరు.

బ్రౌజర్ హైజాకర్ అంటే ఏమిటి?

ఇంటర్నెట్‌లోని పుటలను మన ముందుంచే ప్రోగ్రామును బ్రౌజర్ అంటారు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మొదలైనవి ఈ కోవకు చెందినవి. బ్రౌజర్‌లో ప్రధానంగా మూడు తూములున్నాయని భావించవచ్చు. బ్రౌజర్ తెరవగానే కనిపించే తొలిపుట మొదటిది. మనం ఒక మాటను టైపు చేసినప్పుడు దానిని వెతికిపెట్టే శోధన యంత్రం రెండవది. కొత్త ట్యాబ్ తెరిచినప్పుడు వచ్చే పుట మూడవది. ఈ మూడింటిలో దేనినైనా యజమాని ఇష్టంతో నిమిత్తం లేకుండా మార్చివేసి, అతని రాకపోకలను తనకు లాభం కలిగే దారిలోకి తిప్పే ప్రోగ్రామే బ్రౌజర్ హైజాకర్.

వైరస్‌కు, దీనికి స్వభావంలో భేదం ఉంది. విధ్వంసక వైరస్ దస్త్రాలను పాడుచేయవచ్చు, కంప్యూటరును స్తంభింపజేయవచ్చు. హైజాకర్ అలా చేయదు. కంప్యూటరు పనిచేస్తూ ఉండడమే దానికి కావలసింది. పాలిచ్చే గేదెను ఏ దొంగా చంపుకోడు కదా! అందువల్లనే అనేక కుటుంబాలు నెలల తరబడి దీనిని ఇంట్లో ఉంచుకొని కూడా ‘నెట్టు కొంచెం నెమ్మదిగా ఉంది’ అని సరిపెట్టుకుంటాయి.

దీని వెనుక ఉన్న వ్యాపారం

ఒక శోధన యంత్రానికి వినియోగదారుని పంపించినందుకు, ఒక ప్రకటనపై అతనిచేత క్లిక్ చేయించినందుకు చిన్న మొత్తాలలో సొమ్ము ముడుతుంది. ఒక క్లిక్కుకు వచ్చేది స్వల్పమే. కాని లక్షలాది కంప్యూటర్లను మళ్లించగలిగితే ఆ చుక్కలే చెరువవుతాయి. 2003లో బయటపడిన ‘కూల్ వెబ్ సెర్చ్’ ఈ జాతిలో తొలినాటి అపఖ్యాతిని మూటగట్టుకుంది. నాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్ తొలిపుటను అది మార్చివేసేది. తొలగించినా మరల మరల వచ్చేది.

2017 జూన్‌లో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ ‘ఫైర్‌బాల్’ అనే హైజాకర్ గురించి ప్రకటించింది. అది ఉచిత ప్రోగ్రాముల వెంట వచ్చి, బ్రౌజర్ తొలిపుటను నకిలీ శోధన యంత్రాలతో నింపేది. ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని, వాటిలో 2 కోట్ల 53 లక్షలు భారతదేశంలోనివేనని, దేశాలలో మనదే మొదటి స్థానమని ఆ సంస్థ అంచనా వేసింది. ఈ సంఖ్యలు అతిశయించి ఉన్నాయని అదే నెలలో మైక్రోసాఫ్ట్ అభిప్రాయపడింది. సంఖ్య విషయంలో భేదాభిప్రాయం ఉన్నా, ఉచిత ప్రోగ్రాముల చాటున ఇటువంటివి వ్యాపిస్తాయన్న సంగతి మాత్రం నిర్వివాదాంశం.

ఇది ఇంట్లోకి ఎలా వస్తుంది?

రామాయణ కథలో మాయలేడి కనిపించింది గోదావరీ తీరాన పంచవటిలోనే. రావణుడు అక్కడికి చతురంగ బలాలతో రాలేదు. ఆశ పుట్టించే రూపాన్ని ముందు పంపి, తాను యతివేషంలో భిక్ష కోసం వచ్చాడు. హైజాకర్ నడిచే దారి కూడా అదే. అది తలుపులు పగులగొట్టదు. మనచేతనే గడియ తీయిస్తుంది.

ఉచితంగా లభించే వీడియో ప్లేయరునో, పీడీఎఫ్ మార్పిడి ప్రోగ్రామునో, ఆటనో దించుకున్నప్పుడు తెర మీద వరుసగా కొన్ని పెట్టెలు వస్తాయి. ప్రతి పెట్టెలోనూ ‘నెక్స్ట్’ అనే మీట ఉంటుంది. తొందరలో ఉన్న వ్యక్తి దానిని వరుసగా నొక్కుతూ పోతాడు. మూడవ పెట్టెలోనో, నాలుగవ పెట్టెలోనో చిన్న అక్షరాలలో ‘ఈ టూల్‌బార్‌ను కూడా స్థాపించుటకు, దీనిని తొలిపుటగా చేయుటకు అంగీకరిస్తున్నాను’ అన్న వాక్యం ఉంటుంది. దాని పక్కన ముందుగానే టిక్కు పెట్టి ఉంటుంది. చదవకుండా చేసిన సంతకం వంటిదే ఈ క్లిక్కు. వెనుకటి రోజులలో వడ్డీ వ్యాపారి చూపిన కాగితం మీద వేలిముద్ర వేసిన అమాయకునికి, నేడు చదువుకొని కూడా చదవకుండా నొక్కేవానికి ఫలితంలో భేదం లేదు.

మరికొన్ని దారులు కూడా ఉన్నాయి. ‘మీ ప్లేయర్ పాతబడింది, వెంటనే నవీకరించండి’ అనే నకిలీ హెచ్చరిక ఒకటి. కూపన్లు, వాతావరణ సూచనలు ఇస్తామంటూ బ్రౌజర్‌కు తగిలించే ఎక్స్‌టెన్షన్ మరొకటి. ‘మీరు రోబో కాదని నిరూపించుటకు అలౌ నొక్కండి’ అని మభ్యపెట్టి, ప్రకటనలు పంపే అనుమతిని సంపాదించే పుట ఇంకొకటి. సొమ్ము చెల్లించకుండా వాడుకొనే దొంగ ప్రతులు, కొత్త సినిమాలు దించుకొనే స్థలాలు వీటికి పుట్టినిళ్లు.

నష్టం ఎంతవరకు?

తొలిపుట మారినంత మాత్రాన మునిగిపోయేదేముంది అని కొందరు అనుకోవచ్చు. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందన్న సామెత ఇక్కడ గుర్తుంచుకోవాలి. శోధన యంత్రం మరొకరి చేతిలో ఉన్నప్పుడు, మనం వెతికినదానికి ఏ సమాధానం ముందు చూపాలో నిర్ణయించేది వారే. ఇంటర్మీడియట్ ఫలితాల కోసం వెతికిన విద్యార్థికి బోర్డు పుటకు బదులు, హాల్‌టికెట్ సంఖ్యతోపాటు ఫోన్ నంబరును కూడా అడిగే వేరొక పుట కనిపించవచ్చు. బ్యాంకు సహాయ కేంద్రం నంబరు కోసం వెతికిన తండ్రికి మోసగాని నంబరు కనిపించవచ్చు. ‘మీ కంప్యూటరుకు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఎర్రటి తెర ఒకటి అరుస్తూ ప్రత్యక్షం కావచ్చు. ఫోన్ చేస్తే అవతలివారు మరమ్మతు పేరుతో కంప్యూటరును తమ అధీనంలోకి తీసుకుంటారు, ఆపైన ఖాతా వివరాలు అడుగుతారు. తూము మళ్లింపుతో మొదలైనది ధాన్యపు గాదె ఖాళీ కావడంతో ముగుస్తుంది.

అందుచేత జాలస్థలి చిరునామాను చదవడం ప్రతి విద్యార్థి నేర్చుకోవలసిన విద్య. ఉత్తరం మీద పై పంక్తిలో ఎంత గొప్ప పేరు రాసినా, అది ఏ ఊరికి వెళుతుందో నిర్ణయించేది చివరి పంక్తి. జాలస్థలి చిరునామా కూడా అంతే. అందులో మొదటి ఒంటి వాలుగీతకు సరిగ్గా ముందున్న భాగమే అసలు యజమానిని తెలుపుతుంది. ప్రభుత్వ స్థలాల చిరునామాలలో ఆ భాగం సాధారణంగా ‘డాట్ గవ్ డాట్ ఇన్’ అని ముగుస్తుంది. ఆ అక్షరాలు చిరునామా నడుమ ఎక్కడో ఉండి, చివర మరొక పేరు ఉంటే అది ప్రభుత్వానిది కాదు. బ్యాంకులు కూడా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే ప్రత్యేక చిరునామాకు 2025 అక్టోబరు 31లోగా మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

గుర్తించే లక్షణాలు

వైద్యుడు నాడి చూసి రోగాన్ని పోల్చుకున్నట్లు, కొన్ని లక్షణాలను బట్టి హైజాకర్‌ను పోల్చుకోవచ్చు. మనం పెట్టని తొలిపుట వస్తుంది. ఒక శోధన యంత్రంలో మాట టైపు చేస్తే, రెండు మూడు చిరునామాలు మెరుపులా మారి వేరొక యంత్రపు ఫలితాలు కనిపిస్తాయి. మనం తగిలించని టూల్‌బార్లు, ఎక్స్‌టెన్షన్లు ఉంటాయి. ప్రకటనలు ఉండని పుటల మీద కూడా ప్రకటనలు తేలుతాయి. బ్రౌజర్ మూసివేసిన తరువాత కూడా తెర మూలన హెచ్చరికలు వస్తుంటాయి. ఇంటి కంప్యూటరైనా ‘మీ సంస్థ దీనిని నిర్వహిస్తున్నది’ అన్న వాక్యం బ్రౌజర్‌లో కనిపిస్తుంది. ఈ చివరి లక్షణం కొన్ని యాంటీవైరస్ ప్రోగ్రాముల వలన కూడా రావచ్చు కనుక ఆ ఒక్కదానినే పట్టుకొని నిర్ణయానికి రాకూడదు. అన్నిటికంటే బలమైన లక్షణం వేరే ఉంది. మనం సరిదిద్దిన తొలిపుట కంప్యూటరును మరల వెలిగించగానే తిరిగి మారిపోతే, లోపల ఎవరో కాపురం ఉన్నారని నిశ్చయించుకోవచ్చు.

తొలగించే విధానం

డెల్టా కాలువలలో గుర్రపుడెక్క సంగతి అందరికీ తెలిసినదే. పైన కనిపించే ఆకులను కోసివేస్తే కాలువ ఒక వారం శుభ్రంగా కనిపిస్తుంది. నీటిలో మిగిలిన తీగముక్క మరల పిలకలు వేసి కాలువను కప్పివేస్తుంది. తొలిపుటను మాత్రం సరిదిద్ది ఊరుకోవడం ఆకులు కోయడం వంటిది. వేరుతో తీయాలంటే ఒక క్రమం పాటించాలి.

మొదట చేయవలసింది కంగారు మానడం. తెర మీద కనిపించే నంబరుకు ఫోన్ చేయకూడదు. కంప్యూటరు శుభ్రపడేవరకు దానిలో బ్యాంకు పనులు చేయకూడదు. ముఖ్యమైన ఫొటోలు, పత్రాలు ఒక పెన్‌డ్రైవ్‌లో భద్రపరచాలి. ‘దీనిని తొలగించడం ఎలా’ అని ఆ బ్రౌజర్‌లోనే వెతకడం దొంగనే దారి అడగడం వంటిది. అక్కడ కనిపించే ‘ఉచిత తొలగింపు ప్రోగ్రాము’ మరొక హైజాకర్ కావచ్చు.

రెండవది, స్థాపించిన ప్రోగ్రాముల పరిశీలన. విండోస్ సెట్టింగ్స్‌లో ఆప్స్ విభాగం తెరిచి, జాబితాను తేదీల వారీగా అమర్చాలి. ఇబ్బంది మొదలైన రోజున, దానికి కాస్త ముందు చేరిన అపరిచిత ప్రోగ్రాములను ‘అన్‌ఇన్‌స్టాల్’ చేయాలి. తెలియని పేరల్లా శత్రువు కాదు. ప్రింటరుకు, శబ్దానికి, తెరకు సంబంధించిన అవసరమైన ప్రోగ్రాములు కూడా అక్కడే ఉంటాయి. సందేహం కలిగితే తెలిసినవారిని అడిగిన తరువాతనే తొలగించాలి.

మూడవది, బ్రౌజర్ లోపలి శుద్ధి. ఎక్స్‌టెన్షన్ల జాబితాలో మనం కోరి తగిలించనివాటిని తీసివేయాలి. తొలిపుటను, శోధన యంత్రాన్ని తిరిగి అమర్చాలి. నోటిఫికేషన్ల అనుమతి పొందిన స్థలాల పట్టికలో అపరిచితమైనవాటిని తొలగించాలి. డెస్క్‌టాప్ మీద బ్రౌజర్ గుర్తును కుడి మీటతో నొక్కి, ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ అనే పంక్తిని చూడాలి. ప్రోగ్రాము పేరు తరువాత ఏదైనా జాలస్థలి చిరునామా తోకలా తగిలించి ఉంటే ఆ గుర్తును తీసివేసి కొత్తది పెట్టుకోవాలి. ఎంతమంది తొలిపుటను మార్చి మార్చి విసిగిపోవడానికి కారణం ఈ తోకే అయి ఉంటుందో చెప్పలేము.

నాలుగవది, రీసెట్. క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్ల సెట్టింగ్స్‌లో ‘రీసెట్’ ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో దీనిని ‘రిఫ్రెష్’ అంటారు. క్రోమ్‌లో రీసెట్ చేసినప్పుడు ఎక్స్‌టెన్షన్లు నిలిచిపోతాయి, తొలిపుట మొదటి స్థితికి వస్తుంది. బుక్‌మార్కులు, భద్రపరచిన పాస్‌వర్డులు పోవు.

ఐదవది, సమగ్ర తనిఖీ. విండోస్‌తోపాటు వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌తో పూర్తి తనిఖీ, అవసరమైతే ‘ఆఫ్‌లైన్ స్కాన్’ చేయాలి. మాల్‌వేర్‌బైట్స్ సంస్థవారి ఆడ్వ్‌క్లీనర్ ఇటువంటివాటి కోసమే ఉద్దేశించిన ఉచిత ప్రోగ్రాము. దానిని ఆ సంస్థ సొంత స్థలం నుండే దించుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా ఉచిత పరికరాలను అందుబాటులో ఉంచింది.

చివరిది, వేరుముక్కల వెతుకులాట. అదే కంప్యూటరులోని ఇతర బ్రౌజర్లనూ శోధించాలి. ఒకే ఖాతాతో ఇంట్లోని రెండు మూడు కంప్యూటర్లలో ‘సింక్’ నడుస్తుంటే, ఒకదానిలో తీసివేసిన ఎక్స్‌టెన్షన్ మరొకదాని నుండి తిరిగి రావచ్చు. అన్నిటినీ శుభ్రం చేసిన తరువాతనే సింక్‌ను కొనసాగించాలి. అటుపిమ్మట మెయిలు, బ్యాంకు పాస్‌వర్డులను మార్చుకోవాలి. కంప్యూటరును ఆర్పి, వెలిగించి, రెండు మూడు రోజులు గమనించాలి.

ఆనకట్టనే మార్చివేసినప్పుడు

ఒక్కొక్కసారి ఇంత చేసినా ఫలితం కనిపించదు. ఇంట్లోని కంప్యూటర్లూ ఫోన్లూ అన్నీ ఒకే విధంగా దారి తప్పుతుంటే లోపం బోదెలో కాక ఎగువన ఉందని గ్రహించాలి. పేర్లను సంఖ్యా చిరునామాలుగా మార్చి దారి చూపే వ్యవస్థను డీఎన్ఎస్ అంటారు. ‘డీఎన్ఎస్ ఛేంజర్’ అనే ప్రోగ్రాము ఆ వ్యవస్థనే మళ్లించి, నూరు దేశాలలో సుమారు 40 లక్షల కంప్యూటర్లను బాధించింది. అమెరికాకు చెందిన ఎఫ్‌బీఐ 2011 నవంబరులో ఆ ముఠాను పట్టుకున్నది. దొంగల సర్వర్లను ఒక్కసారిగా ఆపివేస్తే బాధితులకు ఇంటర్నెట్టే అందదు కనుక, వాటి స్థానంలో తాత్కాలికంగా సక్రమమైనవి నడిపి 2012 జూలై 9న నిలిపివేసింది. ఇటువంటి సందేహం కలిగితే ఇంటి రూటరును మొదటి స్థితికి తెచ్చి, దానితో వచ్చిన పాత పాస్‌వర్డును మార్చాలి. కనెక్షన్ ఇచ్చినవారి సహాయం తీసుకోవాలి.

చట్టం ఏమంటున్నది?

యజమాని అనుమతి లేకుండా కంప్యూటరు సహజమైన పనిని చేజిక్కించుకొనే ఆదేశాలను ప్రవేశపెట్టడం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ ప్రకారం తప్పు. మోసబుద్ధితో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్లవరకు జైలు లేదా 5 లక్షల రూపాయలవరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఇక్కడ ‘అనుమతి లేకుండా’ అన్న మాట కీలకం. హైజాకర్ తయారీదారు తరచుగా చేసే వాదన ‘మీరే అంగీకరించారు కదా’ అన్నదే. చదవని ఆ చిన్న అక్షరాలే అతనికి కవచం. సొమ్ము పోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి, బ్యాంకుకు తెలియజేయాలి. ఎంత త్వరగా చెబితే సొమ్మును ఆపగల అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో తిడతారన్న భయంతో దాచిపెట్టడం మోసగానికి సమయం ఇవ్వడమే.

ముందు జాగ్రత్త

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం కంటే ముందు జాగ్రత్త మేలు. ప్రోగ్రాములను తయారుచేసినవారి స్థలం నుండే దించుకోవాలి. స్థాపించేటప్పుడు ‘కస్టమ్’ పద్ధతిని ఎంచుకొని, ప్రతి పెట్టెను చదివి, అక్కరలేని టిక్కులు తీసివేయాలి. ఎక్స్‌టెన్షన్లు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. బ్రౌజర్‌ను, విండోస్‌ను ఎప్పటికప్పుడు నవీకరించాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటర్లు ఉన్న ఇళ్లు ఈ సంగతిని పట్టించుకోవాలి. ఫలితాలు, బ్యాంకు వంటి ముఖ్యమైన స్థలాలను వెతికి తెరవడానికి బదులు, సరైన చిరునామాను ఒకసారి సరిచూసి బుక్‌మార్కుగా ఉంచుకోవడం శ్రేయస్కరం. శోధన తూము మళ్లినా ఆ దారి చాలావరకు నిలుస్తుంది.

కాలువల మీద లస్కర్లు నిత్యం తిరుగుతూ ఏ తూము ఎంత ఎత్తుకు లేచిందో, ఎక్కడ గట్టు తెగిందో చూస్తుంటారు. ఇంట్లోని కంప్యూటరు విషయంలో ఆ పని సాధారణంగా చదువుకుంటున్న పిల్లలకే దక్కుతుంది. తల్లిదండ్రులు తెర మీద కనిపించిన దానిని నమ్మి ముందుకు పోతారు. వారు నమ్మేది తెరను కాదు, దానిని ఇంటికి తెచ్చిన తమ బిడ్డల చదువును. కనుక నెలకొకసారి ఒక పది నిమిషాలు కూర్చొని తొలిపుటను, శోధన యంత్రాన్ని, ఎక్స్‌టెన్షన్ల జాబితాను పరిశీలించడం, చూసినదానిని ఇంట్లోవారికి తెలుగులో వివరించి చెప్పడం విద్యార్థి బాధ్యత. ‘నెక్స్ట్’ నొక్కడానికి ముందు ఆ పెట్టెలోని మాటలను ఒకసారి పైకి చదివితే, అవి ఏమి అడుగుతున్నాయో పక్కన కూర్చున్న అమ్మమ్మకు కూడా తెలుస్తుంది.